పీల్చిన ఆక్సిజన్ ఏమవుతుంది? మీ అమ్మాయి చెప్పిందే నిజం

మీరు అడిగింది ఇదీ. రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తారు. మీ అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. మనం పీల్చిన ఆక్సిజన్ ఒంట్లో కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా బయటికొస్తుందని మీరు చిన్నప్పుడు చదువుకున్నారు. తనేమో "కాదు నాన్నా, ఆ ఆక్సిజన్ నీళ్లవుతుంది" అంటోంది. దాంతోపాటు ఇంకో రెండు అడిగారు. ఒక గ్లూకోజ్‌ అణువుకి వచ్చే ఏటీపీలు (కణం తన పనులకి ఖర్చుపెట్టే శక్తి అణువులు) ఒక పుస్తకంలో 36, ఇంకోదాంట్లో 38, కోచింగ్ మెటీరియల్‌లో 32 ఉన్నాయి, ఏది రాయాలి? సింహాచలం గిరి ప్రదక్షిణ చేసొచ్చిన మర్నాడు కాళ్లు పీకింది లాక్టిక్ యాసిడ్ వల్లేనా?

నేను విశాఖలోనే ఒక జూనియర్ కాలేజీలో 23 ఏళ్లుగా బోటనీ చెబుతున్నాను. ఈ శ్వాసక్రియ పాఠం ఏటా చెబుతాను, ఏటా మీ ప్రశ్నే వస్తుంది. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మీ అమ్మాయి కరెక్ట్. మీరు పీల్చిన ఆక్సిజన్ కణంలో నీళ్లుగా మారుతుంది. మీరు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లోని కార్బన్ మొత్తం మీరు తిన్న తిండిది, అందులోని ఆక్సిజన్ తిండి నుంచీ కణంలోని నీటి నుంచీ వచ్చింది. ఏటీపీల సంగతికొస్తే, పరీక్షలో తన టెక్స్ట్ బుక్‌లో ఉన్నదే రాయాలి, కానీ నిజానికి దగ్గరగా ఉన్న లెక్క 30 నుంచి 32. మర్నాటి కాళ్ల నొప్పికి లాక్టిక్ యాసిడ్ కారణం కాదు.

ఇక్కడితో ఆపేస్తే మీ ఇంట్లో వాదన తీరుతుందేమో గానీ విషయం అర్థం కాదు.

ముందు మాట దగ్గరే ఒక చిక్కుంది. ఊపిరి పీల్చి వదలడాన్నీ తెలుగులో శ్వాసక్రియ అనే అంటాం, కణం లోపల జరిగేదాన్నీ శ్వాసక్రియ అనే అంటాం. మొదటిది ఊపిరితిత్తుల్లో గాలి మారడం, అంతే. రెండోది శక్తి పుట్టే పని, అది ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ జరుగుతుంది. పోర్టులో దిగిన బొగ్గు పోర్టులోనే మండదు కదా, ఎక్కడో బాయిలర్‌లో మండుతుంది. ఊపిరితిత్తులు పోర్టు, కణాలు బాయిలర్లు. క్లాసులో మొదటిరోజు "చింతచెట్టు శ్వాసిస్తుందా?" అని అడుగుతాను. సగంమంది "రాత్రిళ్లు మాత్రమే మేడమ్" అంటారు. తప్పు. చెట్టు పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటుంది. పగలు కిరణజన్య సంయోగక్రియ జోరు ఎక్కువ కాబట్టి శ్వాసక్రియలో వచ్చిన కార్బన్ డయాక్సైడ్ అక్కడికక్కడే ఖర్చైపోతుంది, మనకి కనబడదు.

ఇప్పుడు అసలు సంగతి. శక్తి ఎక్కడుంది? తిండిలో ఉందంటారు కొందరు, ఆక్సిజన్‌లో ఉందంటారు కొందరు. నేను పిల్లలకి మాచ్‌ఖండ్ ఉదాహరణ చెబుతాను. అరకు దాటి ఒడిశా సరిహద్దు వైపు వెళ్తే డుడుమ జలపాతం ఉంది. ఆ నది నీళ్లు జలపాతంగా కిందికి దూకితే చప్పుడు, నురగ, తుంపర, చూడ్డానికి బాగుంటుంది, అంతకుమించి ఏమీ మిగలదు. అదే నీటిని పైపుల్లోంచి టర్బైన్ల మీదికి దించారు కాబట్టి అక్కడ 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం నడుస్తోంది. నీళ్లు అవే, ఎత్తూ అదే. మరి శక్తి పైనున్న నీళ్లలో ఉందా, కిందున్న లోయలో ఉందా? రెండింటి మధ్య ఉన్న ఎత్తులో ఉంది. లోయ లేకపోతే పైన ఎన్ని నీళ్లున్నా కరెంటు రాదు.

తిండిలోని ఎలక్ట్రాన్లు పైనున్న నీళ్లు. ఆక్సిజన్ ఆ లోయ. ఎలక్ట్రాన్లని గట్టిగా లాక్కునే గుణం ఆక్సిజన్‌కి ఉంది. ఆ గుణం వల్లే గ్లూకోజ్ నుంచి ఆక్సిజన్ వరకు ఎలక్ట్రాన్లు దిగుతుంటే శక్తి బయటపడుతుంది. చెంచాడు పంచదార నిప్పుల్లో వేస్తే భగ్గున మండుతుంది, అది జలపాతం. కణం అదే పని చేస్తుంది, కానీ మెట్టు మెట్టుగా, టర్బైన్ పెట్టి. 180 గ్రాముల గ్లూకోజ్ నిప్పుల్లో మండినా, కణాల్లో పూర్తిగా ఖర్చైనా మొత్తమ్మీద విడుదలయ్యేది ఒకటే, సుమారు 686 కిలోక్యాలరీలు. చివరికి మిగిలేవీ అవే, కార్బన్ డయాక్సైడూ నీళ్లూ. తేడా అల్లా ఆ శక్తిలో ఎంత పనికి పట్టుకున్నాం, ఎంత వేడిగా వదిలేశాం అన్నదే.

మెట్లు ఎలా ఉంటాయో చూద్దాం. పేర్లు మీ అమ్మాయి పుస్తకంలో ఉన్నాయి, నేను కథ మాత్రం చెబుతాను.

మొదటిది గ్లైకాలసిస్. కణద్రవ్యంలో జరుగుతుంది. ఆరు కార్బన్ల గ్లూకోజ్‌ని 10 చర్యల్లో రెండు ముక్కలు చేస్తే, మూడేసి కార్బన్ల పైరువిక్ ఆమ్లాలు రెండు వస్తాయి. రెండు ఏటీపీలు పెట్టుబడి పెట్టి నాలుగు సంపాదిస్తుంది, నికరంగా రెండు. కొంత ఎలక్ట్రాన్ల సరుకు ఎన్ఏడీహెచ్ అనే బండిలోకి ఎక్కుతుంది. ఇక్కడ ఆక్సిజన్ అవసరమే లేదు. ఎంబ్డెన్, మేయర్‌హాఫ్, పర్నాస్ అనే ముగ్గురి పేర్ల మీద దీన్ని ఈఎంపీ మార్గం అంటారు.

తర్వాత పైరువిక్ ఆమ్లం కణం లోపల శక్తి తయారయ్యే గదులైన మైటోకాండ్రియాలోకి వెళ్లి, తన మూడు కార్బన్లలో ఒకదాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేసి, ఎసిటైల్ కో ఎంజైమ్-ఏగా క్రెబ్స్ వలయం అనే చర్యల చక్రంలోకి దిగుతుంది. మిగిలిన రెండు కార్బన్లూ అక్కడ రాలిపోతాయి. ఒక గ్లూకోజ్‌కి రెండు పైరువిక్ ఆమ్లాలు కాబట్టి ముందు రెండు, తర్వాత నాలుగు, వెరసి ఆరు కార్బన్ డయాక్సైడ్‌లు. లెక్క సరిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆరు కార్బన్లూ కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోయాయి, అయినా మీరు పీల్చిన ఆక్సిజన్ ఇంతవరకు ఈ చర్యల్లోకి అడుగే పెట్టలేదు. మీ వాదనకి జవాబు ఇదే. ఆరు కార్బన్ డయాక్సైడ్‌లకి 12 ఆక్సిజన్ పరమాణువులు కావాలి. గ్లూకోజ్‌లో ఉన్నవి ఆరే. మిగతా ఆరు క్రెబ్స్ వలయం దారిలో నీటి నుంచి చేరతాయి. అందుకే సమీకరణాన్ని పూర్తిగా రాసేటప్పుడు ఎడమవైపు ఆరు నీటి అణువులు, కుడివైపు 12 నీటి అణువులు రాస్తారు. మనం బళ్లో నేర్చుకున్నది రెండు పక్కలా ఆరేసి కొట్టేసిన పొట్టి సమీకరణం. అది చూస్తే ఎవరికైనా ఆక్సిజన్ నేరుగా కార్బన్‌తో కలిసినట్టే అనిపిస్తుంది. మీ తప్పేం లేదు.

ఈ వలయానికి పేరిచ్చిన శాస్త్రవేత్త క్రెబ్స్ గురించి ఒక మాట. 1937లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆయన ఈ వలయాన్ని తేల్చింది పావురం రొమ్ము కండరం మీద పనిచేసి. గంటల తరబడి ఎగిరే పక్షి రొమ్ము కండరంలో శ్వాసక్రియ చాలా జోరుగా ఉంటుంది కనకే దాన్ని ఎంచుకున్నారు. మన వంటింట్లోనూ ఈ తేడా కనబడుతుంది. కోడి ఎక్కువ దూరం ఎగరదు, అందుకే రొమ్ము ముక్క తెల్లగా ఉంటుంది. రోజంతా నడుస్తుంది కాబట్టి కాలు ముక్క నల్లగా ఉంటుంది. ఆ రంగు ఆక్సిజన్‌ని పట్టి ఉంచే మయోగ్లోబిన్‌ది, దాంతోపాటు అక్కడ మైటోకాండ్రియాలూ ఎక్కువే. క్రెబ్స్ పంపిన ఈ పరిశోధనని మొదట నేచర్ పత్రిక వేసుకోలేదు, వేరే పత్రికలో వచ్చింది. 1953లో అదే పనికి ఆయనకి నోబెల్ ఇచ్చారు. మార్కులు తగ్గాయని ఏడ్చే పిల్లలకి నేను ఇది తప్పకుండా చెబుతాను.

మరి ఆక్సిజన్ ఎక్కడ వస్తుంది? ఆఖర్న. ఇంతవరకు ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీహెచ్2 అనే బళ్లలో ఎక్కిన ఎలక్ట్రాన్లన్నీ మైటోకాండ్రియా లోపలి పొర దగ్గర దిగుతాయి. ఆ పొరలో వరసగా కొన్ని ప్రోటీన్లున్నాయి. పెళ్లి పందిట్లో గిన్నెలు చేతులు మార్చుకుంటూ అందించినట్టు ఎలక్ట్రాన్లు ఒకరి నుంచి ఒకరికి వెళ్తాయి. అలా దిగుతున్నప్పుడు వచ్చే శక్తితో ప్రోటాన్లని పొరకి అవతలి వైపుకి తోడేస్తారు. వరసలో చివరివాడు సైటోక్రోమ్ ఆక్సిడేజ్. అక్కడ ఒక్కో ఆక్సిజన్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లనీ నాలుగు ప్రోటాన్లనీ తీసుకుని రెండు నీటి అణువులవుతుంది. గాలి నుంచి మీ ముక్కులోకి, ముక్కు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి కాలి పిక్కలోకి అంత ప్రయాణం చేసి వచ్చింది ఈ ఒక్క పని కోసం, ఆఖరి చేతిలోని గిన్నె అందుకోవడానికి.

అందుకునేవాడు లేకపోతే వరస మొత్తం గిన్నెలు చేతుల్లో పట్టుకుని నిలబడిపోతుంది. ఎన్ఏడీహెచ్ బళ్లు ఖాళీ కావు, ఖాళీ బళ్లు లేక క్రెబ్స్ వలయం కూడా ఆగిపోతుంది. ఆక్సిజన్‌ని నేరుగా వాడకపోయినా క్రెబ్స్ వలయం ఆక్సిజన్ లేకుండా నడవకపోవడానికి కారణం ఇదే. ఈ ప్రశ్న పరీక్షల్లో చాలాసార్లు తిప్పి అడుగుతారు, మీ అమ్మాయికి చెప్పండి.

మన ఏజెన్సీలో, గోదావరి జిల్లాల్లో కర్రపెండలం తింటారు కదా. పచ్చి దుంపలో, ముఖ్యంగా చేదు రకాల్లో, సైనైడ్‌ని పుట్టించే పదార్థాలుంటాయి. పెద్దవాళ్లు తొక్క తీసి, ముక్కలు కోసి, నీళ్లలో నానబెట్టి, బాగా ఉడికించి ఆ నీళ్లు పారబోసేది అందుకే, ఆ అలవాటు మానకండి. సైనైడ్ చేసేది ఏమిటంటే సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ని పట్టుకుని కదలనీయదు. మనిషి ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది, అయినా కణం దాన్ని వాడుకోలేదు. సిరల్లో రక్తం కూడా మామూలుకన్నా ఎర్రగా ఉంటుంది, ఎందుకంటే ఆక్సిజన్‌ని ఎవరూ దించుకోలేదు. ఊపిరి వేరు, కణ శ్వాసక్రియ వేరు అనడానికి ఇంతకన్నా గట్టి రుజువు నేను క్లాసులో చూపించలేను.

నీళ్లవుతుందంటే నమ్మబుద్ధి కాకపోతే మీ ఇంట్లో బియ్యం డబ్బా చూడండి. అందులో పురుగు నెలల తరబడి బతుకుతుంది. దానికి నీళ్లెవరు పోశారు? గింజలో ఉన్న కొద్దిపాటి తేమ, దానికితోడు తన కణాలు తయారు చేసుకున్న నీళ్లు. మన ఒంట్లోనూ శ్వాసక్రియ వల్ల రోజుకి సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లు పుడతాయి, అంటే పెద్ద గ్లాసుడు.

ఇక టర్బైన్. పొరకి అవతల పోగుపడ్డ ప్రోటాన్లు రిజర్వాయర్‌లో నీళ్లలా తిరిగి ఇవతలికి రావాలని చూస్తాయి. వాటికి ప్రధానమైన దారి ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్. ఇది ఉపమానం కాదు, నిజంగానే గిర్రున తిరుగుతుంది, సెకనుకి వంద చుట్లకు పైగా తిరగగలదు. ఒక్కో చుట్టుకి మూడు ఏటీపీలు. ప్రోటాన్ల తేడాయే ఏటీపీని పుట్టిస్తుందని 1961లో పీటర్ మిచెల్ చెప్పినప్పుడు ఎక్కువమంది ఒప్పుకోలేదు. 1978లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ యంత్రం ఏటీపీని ఎలా తయారుచేస్తుందో తేల్చినందుకు బోయర్‌కీ వాకర్‌కీ 1997లో వచ్చింది.

ఆ పొరకి కన్నం పడితే? ప్రోటాన్లు టర్బైన్ దాకా రాకుండా కారిపోతాయి, ఏటీపీ పుట్టదు, శక్తంతా వేడైపోతుంది. పసిబిడ్డల ఒంట్లో గోధుమరంగు కొవ్వు అనేది ఒకటుంటుంది, అది కావాలనే ఇలా చేసి బిడ్డని వెచ్చగా ఉంచుతుంది. కానీ ఇదే పని చేసే డీఎన్‌పీ అనే రసాయనాన్ని 1930లలో అమెరికాలో బరువు తగ్గే మందుగా అమ్మారు. మనుషులు ఒళ్లు కాలిపోయి చనిపోయారు, 1938లో ఆపేశారు. ఇప్పటికీ కొవ్వు కరిగించే మాత్ర పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. బీచ్‌లో నడిచే మీ స్నేహితులెవరైనా అలాంటిది కొంటామంటే దయచేసి ఆపండి, దానికి విరుగుడు లేదు.

ఏటీపీ గురించి మన తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియేటిన్‌ని కనుక్కున్నారు. 1929లో ఏటీపీని కూడా గుర్తించారు, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుక్కున్నాడు. మీరు కదిలిపోతున్న ఆర్టీసీ బస్సు వెనక పరిగెత్తినప్పుడు మొదటి 8-10 సెకన్లు మిమ్మల్ని నడిపించేది ఎక్కువగా ఆ ఫాస్ఫోక్రియేటినే. క్రెబ్స్ వలయం అంత త్వరగా జోరందుకోలేదు. మన ఒంట్లో ఏ క్షణానైనా ఉండే ఏటీపీ మొత్తం సుమారు 100 గ్రాములే. కానీ ఏ పనీ చేయకుండా కూర్చున్నా రోజుకి సుమారు 40 కిలోల ఏటీపీ ఖర్చవుతుంది. అంటే ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ తయారుచేసుకుంటూ రోజుకి వందలసార్లు తిప్పుతున్నాం. ఏటీపీ దాచుకునే డబ్బు కాదు, చేతులు మారే చిల్లర. దాచుకునేది గ్లైకోజన్, కొవ్వు.

ఇప్పుడు 36, 38, 32 గొడవ. ఒక గ్లూకోజ్‌కి మొత్తం 10 ఎన్ఏడీహెచ్‌లు, 2 ఎఫ్ఏడీహెచ్2లు వస్తాయి, నేరుగా వచ్చే ఏటీపీలు 4. పాత లెక్కలో ఎన్ఏడీహెచ్‌కి 3, ఎఫ్ఏడీహెచ్2కి 2 వేశారు. 30, 4, 4 కలిపితే 38. గ్లైకాలసిస్‌లో వచ్చిన రెండు ఎన్ఏడీహెచ్‌లు మైటోకాండ్రియా బయట ఉంటాయి కాబట్టి వాటి ఎలక్ట్రాన్లని లోపలికి చేరవేయాలి, కొన్ని కణాల్లో ఆ చేరవేతలో నష్టం వస్తుంది, అప్పుడు 36.

కానీ ప్రోటాన్లు లెక్కపెడితే పూర్ణసంఖ్యలు రావు. ఒక ఎన్ఏడీహెచ్ వల్ల 10 ప్రోటాన్లు అవతలికి వెళ్తాయి, ఒక ఏటీపీ తయారై బయటికి చేరాలంటే సుమారు 4 కావాలి. అంటే రెండున్నర. ఎఫ్ఏడీహెచ్2కి 6 ప్రోటాన్లే కాబట్టి ఒకటిన్నర. ఇప్పుడు 25, 3, 4 కలిపితే 32. చేరవేత నష్టం ఉంటే 30. నేను కూడా మొదట్లో చాలా ఏళ్లు 38 అనేది తిరుగులేని సత్యమన్నట్టే చెప్పాను. ఇప్పుడు రెండు లెక్కలూ బోర్డు మీద పక్కపక్కనే వేస్తాను. పాత లెక్క వేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, ప్రోటాన్ల సంగతి పూర్తిగా తేలకముందు అది సబబైన అంచనా. పరీక్షలో మాత్రం బోర్డు పుస్తకంలో ఏ సంఖ్య ఉంటే అదే రాయమనండి, దిద్దేవాళ్ల దగ్గర ఆ కీ ఉంటుంది. దీని మీద టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఇంత చేసినా కణం పట్టుకునేది మొత్తం శక్తిలో మూడోవంతు పైచిలుకు, కణంలో నిజంగా ఉండే పరిస్థితుల్ని బట్టి లెక్కేస్తే సగం దాకా. మిగతాది వేడి. మీ ఒళ్లు 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉండేది ఆ వేడితోనే.

లాక్టిక్ యాసిడ్ సంగతి. కైలాసగిరి మెట్లు గబగబా ఎక్కితే కండరానికి కావలసినంత వేగంగా మైటోకాండ్రియా ఏటీపీ ఇవ్వలేవు. అప్పుడు గ్లైకాలసిస్ జోరు పెంచుతుంది. దానికి ఖాళీ ఎన్ఏడీ బళ్లు కావాలి కదా, అందుకని పైరువిక్ ఆమ్లం మీదే ఎలక్ట్రాన్లు దించేసి లాక్టేట్‌గా మారుస్తుంది. లాక్టేట్ పుట్టేది బళ్లు ఖాళీ చేయడానికి. దాన్ని విషంలా చూడటం అన్యాయం. గుండె దాన్ని ఇష్టంగా ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం దాన్ని తిరిగి గ్లూకోజ్ చేస్తుంది. ఈ కాలేయం దారిని కోరి వలయం అంటారు. గెర్టీ కోరి, ఆమె భర్త కార్ల్ కోరి గ్లైకోజన్ మీద చేసిన పరిశోధనకి 1947లో నోబెల్ అందుకున్నారు.

ఎక్కుతున్నప్పుడు కాళ్లలో మంటకి కండరంలో ఆమ్లత పెరగడం లాంటి కారణాలు కొన్ని ఉన్నాయి, కానీ పని ఆపితే గంటా గంటన్నరలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. మీరు నడిచింది నింపాదిగా, రాత్రంతా, అంటే ఎక్కువభాగం ఆక్సిజన్‌తోనే, గ్లైకోజన్ తగ్గేకొద్దీ కొవ్వు వాటా పెరుగుతూ. మర్నాడు, ఆ మర్నాడు వచ్చిన నొప్పి అలవాటు లేని శ్రమకి కండర పోగుల్లో పడ్డ సన్నటి చీలికల వల్ల, వాటిని ఒళ్లు బాగుచేసుకోవడం వల్ల. పల్లం దిగేటప్పుడు ఇది ఇంకా ఎక్కువ. నేను కూడా నాలుగుసార్లు చేశాను. ముందు నెలరోజులు రోజూ నడిచి వెళ్లిన ఏడాది నొప్పి చాలా తక్కువ, అలవాటు లేకుండా వెళ్లిన ఏడాది మూడు రోజులు మెట్లు దిగలేకపోయాను. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, నేను డాక్టర్‌ని కాను. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినా, ఊపిరి అసలు అందకపోయినా దాన్ని లాక్టిక్ యాసిడ్ ఖాతాలో వేయకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్ నుంచి వచ్చేది రెండంటే రెండే ఏటీపీలు. అయినా దాంతో బతికేవాళ్లున్నారు. మన ఎర్ర రక్తకణాల్లో మైటోకాండ్రియాలే లేవు. ఒంటికంతటికీ ఆక్సిజన్ మోసుకెళ్లే కణం తను మాత్రం చుక్క కూడా వాడుకోకుండా గ్లైకాలసిస్ మీదే నెట్టుకొస్తుంది. ఇడ్లీ పిండిలో ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా చక్కెరని లాక్టిక్ యాసిడ్‌గా మార్చి పులుపునిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదిలి పిండిని పొంగిస్తుంది. మే నెలలో మన విశాఖ ఉక్కపోతకి రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి గిన్నె దాటి గట్టు మీదికి వస్తుంది చూడండి, అది ఆ గాలే. తాటికల్లులో, ఏజెన్సీ జీలుగు కల్లులో పనిచేసేది ప్రధానంగా ఈస్టు. అది ఎలక్ట్రాన్లు దించే చోటు వేరు కాబట్టి ఆల్కహాల్ వస్తుంది. దారి ఒకటే, చివర బళ్లు ఖాళీ చేసే పద్ధతి మారిందంతే.

మీరు అడగలేదు గానీ నడుస్తారు కాబట్టి చెబుతున్నా. చెమట పడితే కొవ్వు కరిగినట్టు కాదు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక లెక్క వచ్చింది. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చైతే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో పోతుంది, 1.6 కిలోలు నీళ్లవుతుంది. అలాగని కూర్చుని గబగబా ఊపిరి వదిలితే తగ్గరు, కళ్లు తిరుగుతాయి. ఏటీపీ ఖర్చైతేనే కణం కొత్తగా కొవ్వుని ముట్టుకుంటుంది. బి కాంప్లెక్స్ మాత్రలు కూడా శక్తినివ్వవు. ఎన్ఏడీ తయారయ్యేది బి3 నుంచి, ఎఫ్ఏడీ బి2 నుంచి, పైరువిక్ ఆమ్లం క్రెబ్స్‌లోకి దిగడానికి బి1 కావాలి. అంటే ఆ విటమిన్లు బళ్లు, సరుకు కాదు. లోపం ఉన్నవాళ్లకి మాత్ర ప్రాణం పోస్తుంది, లోపం లేనివాళ్లకి బళ్లు పెంచినంత మాత్రాన సరుకు పెరగదు.

మీ వాదనలో మీకూ కొంచెం చోటుంది, అది చెప్పకపోతే నా జవాబు పూర్తి కాదు. ఆక్సిజన్-18 అనే బరువైన ఆక్సిజన్‌తో గుర్తు పెట్టి చూస్తే అది కణంలో నీళ్లలోకే వెళ్తుంది. కానీ రక్తంలో కార్బన్ డయాక్సైడూ నీళ్లూ కలిసి కార్బోనిక్ ఆమ్లమై మళ్లీ విడిపోతుంటాయి, ఆ మార్పిడిలో వాటి ఆక్సిజన్ పరమాణువులు చేతులు మారతాయి. కాబట్టి మీరు ఈ రోజు పీల్చిన ఆక్సిజన్ ముందు నీళ్లై, ఆ నీళ్ల ద్వారా ఏదో ఒకరోజు కార్బన్ డయాక్సైడ్‌లో చేరి బయటికి రావచ్చు. మనిషి రోజుకి ఎంత శక్తి ఖర్చు పెడుతున్నాడో కొలిచే ఒక పద్ధతి ఈ మార్పిడి మీదే ఆధారపడింది. అయితే ఇది తర్వాత జరిగే మార్పిడి. శక్తి విడుదలయ్యే చోట మాత్రం ఆక్సిజన్ నీళ్లే అవుతుంది.

ఇద్దరూ కలిసి ఇంట్లో ఒకటి చేసి చూడండి. పెసలు ఒక రాత్రి నానబెట్టి మూటకట్టి మొలకెత్తించండి. ఒక థర్మాస్ ఫ్లాస్కులో మొలకలు, ఇంకో దాంట్లో ఉడకబెట్టి చల్లార్చిన పెసలు వేసి, రెండింటిలోనూ థర్మామీటర్ పెట్టి మూతికి దూది కుక్కండి. పూటకొకసారి వేడి రాసుకోండి. మొలకల ఫ్లాస్కు వేడెక్కడం స్పష్టంగా తెలుస్తుంది. నా క్లాసులో ఒక ఏడాది రెండోరోజుకి ఉడికిన గింజల ఫ్లాస్కు కూడా వేడెక్కింది, పిల్లలు ప్రయోగం తప్పిందన్నారు. మూత తీస్తే గింజల నిండా బూజు. శ్వాసించేది గింజలు కావు, ఆ బూజు. అప్పటినుంచి రెండు ఫ్లాస్కుల గింజల్నీ ముందుగా డెట్టాల్ కలిపిన నీళ్లతో కడిగి వేయిస్తున్నాను. మీరూ అలాగే చేయండి, ఆ తర్వాత వాటిని తినకండి.